రెండో గేరులో ఇరుక్కున్న పాత బెంజ్: గేరు బాక్సు విప్పించే ముందు

మిర్యాలగూడ మిత్రుడు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2007 మోడల్ మెర్సిడెస్ ఈ క్లాస్, 220 డీజిల్, ఆటోమేటిక్. ఢిల్లీ బండి, నిరుడు నాలుగున్నర లక్షలకు కొన్నారు. రీడింగు లక్షా అరవై వేలు. హైదరాబాద్ నుంచి వస్తుంటే నార్కట్‌పల్లిలో హైవే దిగి అద్దంకి రోడ్డు ఎక్కిన కాసేపటికి ఒక జర్క్ ఇచ్చింది. ఆ తర్వాత యాభై స్పీడుకే ఇంజన్ మూడు వేల దగ్గర అరవడం మొదలుపెట్టింది, పై గేరు పడలేదు. రివర్స్ మాత్రం పడుతోంది. పక్కకు ఆపి, ఆఫ్ చేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే నల్లగొండ దాకా ఏమీ ఎరగనట్టు వచ్చింది, ఊరు దాటగానే మళ్ళీ అదే కథ. షెడ్డులో చూపిస్తే గేరు బాక్సు పోయింది, విప్పి కట్టాలంటే రెండున్నర లక్షలు, ఢిల్లీ నుంచి పాత బాక్సు తెప్పిస్తే లక్షా పది వేలు అన్నారట. చేయించాలా, వచ్చిన కాడికి అమ్మేయాలా అని మీ ప్రశ్న.

ఇప్పటికి రెండూ వద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి బాక్సు లోపలి సామాను పోయినట్టు లేదు. కరెంటు వైపో, ఆయిల్ వైపో ఉంది రోగం. ఎందుకంటే మీరే ఒక మాట రాశారు: ఆఫ్ చేసి స్టార్ట్ చేస్తే బాగైందని. లోపల అరిగిపోయిన క్లచ్ ప్లేట్లు తాళం తిప్పితే మళ్ళీ మొలవవు కదా. మిమ్మల్ని రెండున్నర లక్షలు అడిగిన చోట ఈ విషయం అడిగారా? బండి కంప్యూటర్‌లో లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టారా? పెడితే ఏ కోడ్ వచ్చిందో కాగితం ఇచ్చారా? మీ ప్రశ్నలో ఆ సంగతి లేదు కాబట్టి పెట్టలేదనే అనుకుంటున్నాను.

నేను ఇరవై ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి తొమ్మిదేళ్లు హైదరాబాద్‌లో, తర్వాత నల్లగొండలో సొంత షెడ్డు. వచ్చిన కొత్తలో నా దగ్గరికి జీపులు, సుమోలు, క్వాలిస్‌లే ఎక్కువగా వచ్చేవి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అన్నాక, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పాక, అక్కడి పెద్ద బండ్ల ధరలు పడిపోయి మన వైపు దిగడం మొదలైంది. ఇప్పుడు ఇలాంటి బెంజ్ హాలియాలో ఉంది, దేవరకొండలో ఉంది, కోదాడలో చెప్పనే అక్కర్లేదు. కొనేటప్పుడు స్విఫ్ట్ ధరకే వస్తుంది. రిపేరు దగ్గర మాత్రం అది బెంజే.

మీ బండిలో ఉన్నది ఐదు గేర్ల ఆటోమేటిక్, మెకానిక్‌లు దాన్ని 722.6 అని నంబరుతోనే పిలుస్తారు. 1996 నుంచి బెంజ్ వాళ్ళు చాలా మోడళ్లలో వాడిన బాక్సు ఇది. నా అనుభవంలో చాలా గట్టిది. ఇది పనిచేసే తీరు కొంచెం తెలిస్తే మీ బండి ఎందుకలా చేసిందో అర్థమవుతుంది. లోపల గేరు మార్చే బలం ఆయిల్ ప్రెషర్‌ది. ఆ ప్రెషర్ ఎటు పోవాలో తిప్పేవి కరెంటుతో పనిచేసే సోలనాయిడ్లు. వాటికి ఆర్డరు వేసే కంప్యూటర్ బాక్సు బయట విడిగా ఉంటుంది. ఆ కంప్యూటర్‌కు లోపలి సంగతి చెప్పేవి రెండు స్పీడ్ సెన్సర్లు. లోపల షాఫ్టులు ఎంత వేగంతో తిరుగుతున్నాయో అవి చెబుతుంటే, ఏ గేరు పడిందో, జారుతోందో లేదో కంప్యూటర్ లెక్క వేసుకుంటుంది.

ఒక సెన్సర్ అర సెకను మూగబోయినా లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే కంప్యూటర్ రిస్క్ తీసుకోదు. సోలనాయిడ్లకు కరెంటు ఆపేసి, ఉన్న గేరులోనే ఉంచేస్తుంది. ఆపి, పార్క్‌లో పెట్టి, ఆఫ్ చేసి, పది సెకన్లు ఆగి స్టార్ట్ చేస్తే రెండో గేరు, రివర్స్ ఈ రెండే ఇస్తుంది. ఎలాగోలా ఇల్లు చేరమని పెట్టిన ఏర్పాటు ఇది. లింప్ మోడ్ అంటారు. లోపం అప్పటికి కనబడకపోతే స్టార్ట్ చేసినప్పుడు మామూలుగా అయిపోతుంది కూడా. కాసేపటికి వేడెక్కి ఆ సెన్సర్ మళ్ళీ మూగబోతే మళ్ళీ రెండో గేరు. మీ బండి అద్దంకి రోడ్డు మీద చేసింది అచ్చం ఇదే.

మీ ఊరి బండి కథే ఒకటి చెబుతాను. ఒక రైసు మిల్లు ఆసామి, ఇలాంటిదే 2006 బండి. ఇదే లక్షణం. హైదరాబాద్‌లో ఒక షెడ్డులో బాక్సు దింపి, ప్లేట్లు, సీళ్ళు అన్నీ మార్చి రెండు లక్షల పైన బిల్లు వేశారు. పది రోజులు బాగా తిరిగింది. పదకొండో రోజు నకిరేకల్ దగ్గర మళ్ళీ రెండో గేరు. ఆయన విసిగిపోయి నా దగ్గరికి లారీ మీద పంపాడు. బాక్సుకు కుడి పక్కన 13 పిన్నుల కనెక్టర్ ఒకటి ఉంటుంది. బయటి వైర్లు లోపలికి పోయేది అక్కడే. దాన్ని తీసి చూస్తే లోపలంతా ఆయిల్. ఆ కనెక్టర్ కూర్చునే ప్లాస్టిక్ బుష్‌కు ఉండే రెండు రబ్బరు రింగులు వేడికి గట్టిపడి ఆయిల్ వదులుతున్నాయి. రెండు లక్షల పనిలో ఆ బుష్ మాత్రం పాతదే తిరిగి పెట్టారు! అది వెయ్యి రెండు వేల సామాను. బుష్ మార్చి, కనెక్టర్ కడిగి ఆరబెట్టి, కోడ్లు తుడిచి పంపాను. ఆయన ఇప్పటికీ అదే బండిలో మిల్లుకు వస్తాడు.

ఈ కనెక్టర్ సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే దీన్ని వదిలేస్తే ముందు ముందు పెద్ద ఖర్చు. లీకైన ఆయిల్ కింద కారి ఊరుకోదు. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు, వైరు లోపలి రాగి పోగులు ఆ ఆయిల్‌ను మెల్లగా పైకి లాగుతాయి. ఏడాదో రెండేళ్ళో పోయాక అది కంప్యూటర్ దాకా చేరుతుంది. కంప్యూటర్ ప్లగ్గు పీకితే ఎర్రగా తడి తగిలిన బండ్లు నేను నాలుగైదు చూశాను. అప్పుడు బుష్‌తో తీరదు, వైరింగు కడగాలి, కంప్యూటర్ విప్పి శుభ్రం చేయాలి, కొన్నిసార్లు అదీ మార్చాలి. అందుకే కింద తడి కనబడితే పైన కంప్యూటర్ ప్లగ్గు కూడా తప్పకుండా పీకి చూడమనండి.

ఇక మీరు చేయించాల్సిన వరస. చవకైన దాని నుంచి ఖరీదైన దాని వైపు పోవాలి. మన దగ్గర జరిగేది తలకిందులు, ముందే బాక్సు దింపేస్తారు.

మొదట బ్యాటరీ. నవ్వకండి. మీ బండి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, చాలామంది దాన్ని మరిచే పోతారు. వోల్టేజీ పడిపోతే ఈ బండ్లలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకదాని మీద ఒకటి తప్పుడు ఫిర్యాదులు రాసుకుంటాయి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పన్నెండున్నరకు తగ్గకుండా, నడుస్తున్నప్పుడు పద్నాలుగు దగ్గర ఉందా అని మీటర్ పెట్టి చూస్తే చాలు, ఐదు నిమిషాల పని.

తర్వాత స్కానింగు. ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరికే చిన్న బ్లూటూత్ రీడర్ ఇక్కడ సరిపోదు. అది ఇంజన్ కోడ్లు చదువుతుంది. గేరు బాక్సు గురించి మహా అయితే పీ0700 అని చూపిస్తుంది. దాని అర్థం గేరు బాక్సు కంప్యూటర్‌లో ఏదో ఫిర్యాదు ఉంది, అక్కడికి వెళ్ళి అడుగు అని మాత్రమే. బెంజ్ గేరు బాక్సు కంప్యూటర్‌లోకి నేరుగా వెళ్ళగలిగే స్కానర్ కావాలి. స్పీడ్ సెన్సర్ కోడ్ వస్తే ఒక దారి, గేరు నిష్పత్తి కుదరడం లేదని, అంటే గేరు జారుతోందేమోనని వస్తే ఇంకో దారి. కోడ్ తుడవకముందే ఫోటో తీసుకోండి. బండి పోనిస్తూ లైవ్‌లో రెండు సెన్సర్ల రీడింగు చూస్తే, వేడెక్కాక ఒకటి ఉన్నట్టుండి సున్నా అయిపోవడం కళ్ళారా కనబడుతుంది.

మూడోది పైన చెప్పిన కనెక్టర్.

నాలుగోది గేరు బాక్సు ఆయిల్, మేము ఏటీఎఫ్ అంటాం. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నల్లగొండ వచ్చిన కొత్తలో ఇలాంటి బాక్సుకే ఆయిల్ తక్కువైందని, షెడ్డులో ఉన్న ఎర్ర ఆయిల్, పవర్ స్టీరింగుకు పోసేది, చల్లగా ఉన్నప్పుడు కొలత చూసి నిండుగా పోశాను. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. నలభై కిలోమీటర్లు పోయేసరికి నురగ కట్టి గాలి రంధ్రం నుంచి కక్కేసింది. ఆ ఆయిల్ సైలెన్సర్ మీద పడి పొగ. కస్టమర్ బండి కాలిపోతోందని దిగి పరుగెత్తాడు. మొత్తం ఆయిల్, ఫిల్టరు నా చేతి డబ్బుతో మార్చాను. అప్పటి నుంచి ఈ బాక్సు ఆయిల్ దగ్గర నాకు భయం భక్తి రెండూ ఉన్నాయి.

ఈ బండికి ఆయిల్ చూసే గొట్టం ఉంటుంది, లోపల పుల్ల మాత్రం ఉండదు. వర్క్‌షాపు వాళ్ళ దగ్గర పొడుగాటి ప్రత్యేకమైన పుల్ల ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి 80 డిగ్రీలకు వచ్చాక కొలవాలి. ఇంకో చిక్కు. ఆయిల్ వేడి చెప్పే సెన్సర్ పార్కులో, న్యూట్రల్‌లో రీడింగు ఇవ్వదు, ఇంజన్ నీళ్ళ వేడినే కంప్యూటర్ చూపిస్తుంది. కాబట్టి బ్రేకు తొక్కి కాసేపు గేరులో పెడితేనే అసలు అంకె తెలుస్తుంది. తెలియని వాళ్ళు పార్కులో చూసి 80 వచ్చిందనుకుని కొలిచేస్తారు.

ఆయిల్ ఏది పోయాలి అంటే, డబ్బా మీద ఎంబీ 236.14 అప్రూవల్ రాసి ఉన్నది. మొత్తం పట్టేది ఏడున్నర, ఎనిమిది లీటర్లు. బాక్సు కింద ఆయిల్ నిలిచే పళ్ళెం, అంటే పాన్ దింపితే అందులో సగమే వస్తుంది, మిగతాది ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే నేను ఒకసారి మార్చి, నెల రోజులు తిప్పించి, ఇంకోసారి మారుస్తాను. ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని మొదట్లో కంపెనీయే చెప్పింది, తర్వాత మాట మార్చుకుంది. మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి. ఢిల్లీలో ఎవరైనా మార్చారనడానికి బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

పాన్ దింపినప్పుడు మీరు పక్కన ఉండండి. ఇది ముఖ్యం. బాక్సు బాగుందో లేదో ఆ పాన్ అడుగున ఉన్న అయస్కాంతం చెబుతుంది. దాని మీద మెత్తటి బూడిద రంగు పేస్టు ఉంటే భయం లేదు, ఇన్నేళ్ళ మామూలు అరుగుదల అది. గోరుకు గుచ్చుకునే ఇనుప ముక్కలు, ఇత్తడి మెరుపు, లేదా నల్లటి పొరలు పొరలుగా ప్లేట్ల పదార్థం ఉంటే మాత్రం లోపల నిజంగా పని ఉన్నట్టే. ఆయిల్ వాసన కూడా చూడండి. మాడిన వాసన ఒకసారి పీలిస్తే మళ్ళీ మరిచిపోరు.

పాన్ దింపారు కాబట్టి ఇక ఐదోది, కండక్టర్ ప్లేటు. మీ బండికి నా అనుమానం దీని మీదే ఎక్కువ. పాన్ పైనే, ఆయిల్‌ను దారి మళ్ళించే వాల్వ్ బాడీ మీద కూర్చునే ప్లాస్టిక్ పలక అది. ఆ రెండు స్పీడ్ సెన్సర్లు దాని మీదే ఉంటాయి, విడిగా అమ్మరు, పలక మొత్తం మార్చాలి. బాక్సు కిందికి దింపే పని లేదు. పాన్, ఫిల్టరు, వాల్వ్ బాడీ దింపి ప్లేటు మార్చి తిరిగి బిగించడం చేయి తిరిగిన వాడికి సగం రోజు పని. సామాను, ఆయిల్, ఫిల్టరు, గాస్కెట్, కూలి అన్నీ కలిపి పదుల వేలలో అవుతుంది, లక్షల్లో కాదు. చవక చైనా ప్లేట్లు కూడా దొరుకుతాయి. రెండు బండ్లకు వేసి రెండుసార్లు తిట్లు తిన్నాను. మంచి కంపెనీది వేయించండి. పెట్టె మీద ఉన్న సీలు మీ ముందు తెంపమనండి.

కండక్టర్ ప్లేటు మార్చాక మొదటి కొన్ని రోజులు గేర్లు కాస్త మొరటుగా పడవచ్చు. కంప్యూటర్ పాత లెక్కలు మరిచి కొత్తవి నేర్చుకుంటుంది. ఒకటి రెండు వందల కిలోమీటర్లు నెమ్మదిగా, అన్ని గేర్లూ పడేలా తిప్పితే సర్దుకుంటుంది. టెన్షన్ పడి మళ్ళీ షెడ్డుకు పరుగెత్తకండి.

మరి నిజంగా బాక్సు పోవడం అనేది లేదా అంటే, ఉంది. లక్షణాలు వేరు. తొక్కితే ఇంజన్ శబ్దం పెరుగుతుంది, బండి ముందుకు పోదు, బురదలో టైరు తిరిగినట్టు. డీలో, అంటే డ్రైవ్‌లో వేసి రెండు మూడు సెకన్లు ఆగితే గానీ కదలదు. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక జారుతుంది. తాళం తిప్పినా మార్పు ఉండదు. అచ్చంపేట నుంచి ఒకాయన వచ్చాడు. రెండు నెలలుగా గేరు జారుతోందని తెలిసీ తిప్పాడు. ఆ బండితోనే మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కాడు, ఐదుగురు మనుషులు, ఏసీ, మే నెల. దోమలపెంట చేరేసరికి డీ లేదు, రివర్స్ లేదు. పాన్ దింపితే ఆయిల్ నల్లగా, అయస్కాంతం మీద ముళ్ళపందిలా ఇనుము. ఆ రెండు నెలల ముందు వచ్చి ఉంటే క్లచ్ ప్లేట్లతో పోయేది. జారే క్లచ్ ప్లేటు వేడి పుట్టిస్తుంది, ఆ వేడి ఆయిల్‌ను కాలుస్తుంది, కాలిన ఆయిల్ మిగతా ప్లేట్లనూ తింటుంది. కాబట్టి రెండో గేరులో ఇరుక్కుంటే నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు, కానీ జారుతుంటే అక్కడే ఆపేయాలి.

ఇంకో రోగం ఉంది, అది మన నేల పుణ్యం. బాక్సు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం విడిగా ఉండదు, ఇంజన్ రేడియేటర్ పక్క ట్యాంకు లోపలే ఉంటుంది. మధ్యలో పలుచటి గోడ ఒకటే అడ్డం. అది చిల్లు పడితే కూలెంటు గేరు బాక్సులోకి పోతుంది. ఆయిల్ గులాబీ పాల రంగుకు మారుతుంది. టార్క్ కన్వర్టర్ లోపలి ప్లేటుకు ఉండే జిగురును ఆ నీళ్ళు వదిలిస్తాయి, అరవై నుంచి ఎనభై స్పీడు మధ్య బండి గతుకుల పట్టీల మీద పోతున్నట్టు వణుకుతుంది. మన నల్లగొండ బోరు నీళ్ళ సంగతి దేశమంతా తెలుసు. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, గిన్నెలో కాచినా తెల్లటి పొర కడతాయి. దారిలో రేడియేటర్ తగ్గిందని పొలం మోటారు దగ్గర బాటిల్ పట్టి పోసే అలవాటు మనవాళ్ళకు ఉంది. అంబాసిడర్‌కు నడిచింది. దీనికి పోయవద్దు. శుద్ధి చేసిన నీళ్ళలో సరైన కూలెంటు కలిపి మాత్రమే పోయాలి. మీది మిర్యాలగూడ కాబట్టి ఇంకోటి కూడా. మిల్లుల దుమ్ము, ఊక బూడిద రేడియేటర్ రెక్కల మధ్య దట్టంగా పట్టేస్తుంది. ముందు నుంచి చూస్తే కనబడదు, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉంటుంది. ఏడాదికోసారి విప్పి కడిగించండి, ఎండాకాలం ముందు. గాలి ఆడకపోతే ముందు ఉడికేది గేరు ఆయిలే.

అన్నీ బాగుండి పార్కు నుంచి లివర్ కదలకపోతే అది అసలు గేరు బాక్సు సమస్యే కాదు. బ్రేకు లైటు స్విచ్చి పోయినా, లివర్ కింద ప్లాస్టిక్ లాక్ విరిగినా అలాగే అవుతుంది. ఒక బండిలో అయితే లివర్ కింద బోర్డు మీద ఇరానీ చాయ్ ఎండిపోయి కనబడింది. చిట్యాల దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద ఒలికిందట. కస్టమర్ ఆ సంగతి చెప్పకుండా గేరు బాక్సు పట్టేసిందని లారీ ఎక్కించి పంపాడు. చక్కెర పాకం కడిగేసరికి బండి బాగైంది, లారీ కిరాయి మాత్రం దండగ.

ఇక ఢిల్లీ పాత బాక్సు సంగతి. మాయాపురి తుక్కు మార్కెట్ నుంచి వచ్చేవి ఇవి. లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. అది కూడా మీ బాక్సు లాగే ఎవరో "పోయింది" అని తీసేసినది కావచ్చు. అయినా తప్పనిసరి అయితే, 722.6 అని ఉంటే చాలనుకోకండి, చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి, పాన్ అంచుకు పైన బాక్సు మీదే కొట్టి ఉంటాయి. ఆ మూడూ మీ దానితో కలవాలి. పెట్రోలు బండిది డీజిల్‌కు వేస్తే సరిగ్గా కుదరదు. డబ్బు ఇవ్వకముందే పాన్ దింపి అయస్కాంతం చూపించమనాలి. ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే వదిలేయండి. మీ కంప్యూటర్ బయట ఉంది కాబట్టి ఈ మార్పిడి కనీసం సాధ్యం. ఏడు గేర్ల బాక్సు ఉన్న బండ్లలో కంప్యూటర్ లోపలే ఉండి ఆ బండి తాళంతో ముడిపడి ఉంటుంది, పాతది తెచ్చి వేస్తే స్టార్ట్ కూడా కాదు. ఆ పని తెలిసిన చోటికే పోవాలి.

బీఎండబ్ల్యూ వాళ్ళు కూడా నన్ను ఇవే అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. 2003 తర్వాతి 5 సిరీస్‌లో వచ్చిన ఆరు గేర్ల జెడ్ఎఫ్ బాక్సులో కూడా కనెక్టర్ స్లీవ్ లీకు మామూలే. పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టరు దానిలోనే కలిసి ఉంటుంది కాబట్టి మొత్తం మార్చాలి. బండి కంపెనీ ఆయిల్ జీవితాంతం అన్నా, బాక్సు తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. దాని కొలత 80 డిగ్రీల దగ్గర కాదు, 30 నుంచి 50 మధ్య. ఆడీ మల్టీట్రానిక్ గొలుసు బాక్సు వేరే లోకం, దాని గురించి ఇక్కడ కలపను.

ఈలోగా బండి షెడ్డుకు ఎలా తేవాలి? ఆటోమేటిక్ బండిని నెట్టి స్టార్ట్ చేయలేరు, లోపలి పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది. అదే కారణంతో తాడు కట్టి దూరం లాగినా లోపల ఆయిల్ ఆడక అరుగుతుంది. న్యూట్రల్‌లో 50 స్పీడు దాటకుండా 50 కిలోమీటర్ల లోపు అని మాన్యువల్ చెబుతుంది, నేనైతే అదీ చేయనివ్వను. కదలని బండినైతే లారీ ఎక్కించాల్సిందే. మీది రెండో గేరు పడుతోంది కాబట్టి లారీ ఖర్చు అక్కర్లేదు. ఏసీ ఆపి, నలభై దాటకుండా, పొద్దున చల్లగా ఉన్నప్పుడు రండి.

అమ్మాలా అన్న దానికి నా లెక్క ఇదీ. స్కానింగులో సెన్సర్ కోడ్ వచ్చి, అయస్కాంతం మీద మెత్తటి పేస్టే ఉంటే, కండక్టర్ ప్లేటు, బుష్, ఆయిల్ మార్పించి హాయిగా వాడుకోండి. అదే ఇనుము కనబడితే నేను రెండున్నర లక్షలు పెట్టమనను. బండే నాలుగున్నర లక్షలది. దానికి తోడు రిజిస్ట్రేషన్ చూడండి. 2007 బండికి పదిహేనేళ్లు 2022లోనే నిండాయి. ఐదేళ్ళకు రెన్యువల్ అయ్యిందా, మన రాష్ట్రం నంబరు పడిందా, గ్రీన్ ట్యాక్సు కట్టారా? అవి లేకుండా బాక్సు మీద డబ్బు పోస్తే రేపు అమ్మబోయినా కొనేవాడు ఉండడు. కాగితాలు సరిగ్గా ఉండి, ఇంజన్, బాడీ బాగుండి, కనీసం ఐదేళ్లు ఉంచుకుంటాననుకుంటేనే పెద్ద పని. లేదంటే ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయండి. దాచి అమ్మితే ఈ జిల్లాలో రెండో రోజుకే తెలిసిపోతుంది, ఉన్నవే పది బండ్లు.

ముందు స్కానింగు చేయించి కోడ్ల ఫోటో పెట్టండి. కనెక్టర్ తీసినప్పుడు లోపల తడి ఉందో లేదో, బ్యాటరీ వోల్టేజీ ఎంత వచ్చిందో కూడా రాయండి. సామాను కొనడానికి హైదరాబాద్ పుత్లీబౌలి పోవాలా వద్దా అనేది అవి చూశాక చెబుతాను.